86 కోట్ల సంఖ్యలు తిప్పకు తమ్ముడూ, అంకె అంకె పేర్చుకుంటూ పో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు అదేంటో నా మాటల్లో చెప్తా.

నువ్వు అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేస్తున్నావు. క్లాసులో సార్ ఒక లెక్క ఇచ్చారు. 1 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కొక్కసారే వాడి తొమ్మిదంకెల సంఖ్య రాయాలి. దాని మొదటి రెండంకెల సంఖ్య 2తో, మొదటి మూడంకెల సంఖ్య 3తో, మొదటి నాలుగు 4తో, ఇలా చివరికి మొత్తం సంఖ్య 9తో శేషం లేకుండా పోవాలి. నువ్వు 123456789 నుంచి 987654321 దాకా లూప్ పెట్టి కూర్చున్నావు. గంట దాటింది, జవాబు రాలేదు, ల్యాప్‌టాప్ ఫ్యాను మోతకి హాస్టల్లో రూమ్మేట్ నిద్ర లేచాడు. తర్వాత సార్ "అంకెలు రిపీట్ అయినా పర్లేదు, సున్నా కూడా వాడుకో, ఇదే రూలుతో ఎంత పొడవు సంఖ్య దాకా వెళ్లొచ్చు?" అన్నారు. దానికి ఇంకో ప్రోగ్రాం రాశావు. అది 15 అంకెల దాకా చకచకా నడిచి, 18వ అంకె దగ్గర్నుంచి లిస్టు ప్రతిసారీ సరిగ్గా పదింతలు అవుతూ పోయి, మెమరీ నిండి మెషీన్ హ్యాంగ్ అయింది. "ర్యామ్ 8 నుంచి 16 చేయించుకోవాలా అన్నా?" అని అడిగావు.

వద్దు. ఆ డబ్బులు దాచుకో. రెండు చోట్లా తప్పు నీ కోడ్‌లోనే ఉంది, కాకపోతే రెండూ వేరే వేరే రకం తప్పులు.

మొదటిది చూద్దాం. నీ లూప్‌లో ఉన్నవి 86,41,97,533 సంఖ్యలు. ఒక్కోదాన్ని స్ట్రింగ్ చేసి, సెట్‌లో వేసి, అంకెలన్నీ వేర్వేరా అని చూసి, ఆ తర్వాత ముక్కలు కోసి భాగిస్తున్నావు. ఒక్కోదానికి 5 మైక్రోసెకన్లు పట్టిందనుకో, మొత్తం 72 నిమిషాలు. పైథాన్ స్లో అని అందరూ దాన్ని తిడతారు గానీ, 555555555ని కూడా పట్టుకుని "నీలో అంకెలు వేర్వేరా?" అని అడగమన్నది నువ్వే కదా. 1 నుంచి 9 దాకా అంకెల్ని అటూ ఇటూ మార్చి రాయగలిగిన సంఖ్యలు మొత్తం 3,62,880 మాత్రమే. మిగతా కోట్లన్నీ వృథా తిరుగుడు.

ఇక్కడ చాలామంది "పర్ముటేషన్స్ వాడు, సెకన్లలో వస్తుంది" అంటారు. వస్తుంది, నిజమే. కానీ ఇంటర్వ్యూలో ఎవరైనా "9 కాదు, 14 అంకెల లెక్క అయితే?" అన్నారంటే అక్కడే ఇరుక్కుంటావు. అందుకే కీబోర్డు పక్కన పెట్టి ఒక పది నిమిషాలు కాగితం తీసుకో. నేను ఈ లెక్క మొదటిసారి చేసింది మెట్రోలో, మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేట దిగేలోపు, ఏదో బిల్లు వెనక రాసుకుంటూ. ఆరో క్లాసులో చదివిన భాజనీయతా సూత్రాలు తప్ప ఇంకేం అక్కర్లేదు.

తొమ్మిది గళ్లు గీసుకో. ఐదో గడిలో 5 తప్ప ఇంకేం రాదు, ఎందుకంటే 5తో పోవాలంటే చివర 0 గానీ 5 గానీ ఉండాలి, సున్నా మన దగ్గర లేదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గళ్లలో సరి అంకెలే ఉండాలి. మనకున్న సరి అంకెలు 2, 4, 6, 8, సరిగ్గా నాలుగే. అంటే బేసి గళ్లకి 1, 3, 7, 9 మిగిలాయి. ఇంతవరకు వచ్చేసరికే 3,62,880 కాస్తా 576కి పడిపోయింది (సరి అంకెలు 24 రకాలు, బేసివి 24 రకాలు, రెండూ హెచ్చించు).

ఇప్పుడు నాలుగో గడి. మూడు, నాలుగు గళ్లు కలిపిన రెండంకెల సంఖ్య 4తో పోవాలి, మూడో గడిలో బేసి అంకె ఉంది. 12, 16, 32, 36, 72, 76, 92, 96, ఏది చూసినా చివర 2 లేదా 6. కాబట్టి నాలుగో గడిలో 2 లేదా 6. ఎనిమిదో గడికీ ఇదే వరస: ఆరో గడిలో సరి అంకె ఉంది, 200 ఎలాగూ 8తో పోతుంది, కాబట్టి ఏడు, ఎనిమిది గళ్లు కలిపి 8తో పోతే చాలు. 16, 32, 72, 96. మళ్లీ 2 లేదా 6.

ఆరో మెట్టు దగ్గర అసలు మజా ఉంది. మొదటి మూడంకెలు 3తో పోతాయి, మొదటి ఆరు 6తో పోతాయి, అంటే మధ్యలో ఉన్న నాలుగు, ఐదు, ఆరు గళ్ల అంకెల మొత్తం కూడా 3తో పోవాలి. నాలుగో గడి 2 అయితే 2+5+8, ఆరో గడిలో 8 తప్ప కుదరదు. నాలుగో గడి 6 అయితే 6+5+4. అంతే, మధ్య ముక్క 258 లేదా 654, మూడోది లేదు.

258 అనుకుంటే ఎనిమిదో గడికి 6, రెండో గడికి 4 పోతాయి. మొదటి మూడు 3తో పోవాలంటే 4కి అటూ ఇటూ 1, 7 మాత్రమే సరిపోతాయి. ఏడు, ఎనిమిది గళ్లు కలిపి 36 కుదరదు, 96 కుదురుతుంది. మిగిలినవి రెండే: 147258963, 741258963. 654 అనుకుంటే ఎనిమిదో గడి 2, రెండో గడి 8, ఏడో గడి 3 లేదా 7. ఇలా చేస్తే ఎనిమిది సంఖ్యలు మిగులుతాయి. మొత్తం పది. ఇప్పటిదాకా 7తో భాగించే జోలికే వెళ్లలేదు చూడు, దానికి సులువైన సూత్రం లేదు కాబట్టి చివరికి దాచుకున్నాం. ఆ పదింటి మొదటి ఏడంకెలూ తీసుకుని 7తో భాగించు. 1472589కి శేషం 6, 7412589కి 2, 1836547కి 6, 9876543కి 5... పదింట్లో ఒక్క 3816547 మాత్రమే శేషం లేకుండా పోతుంది, 545221 సార్లు. జవాబు 381654729.

86 కోట్లు, 3,62,880, 576, 10, 1. మెషీన్ మారలేదు, భాష మారలేదు.

ప్రతి లెక్కకీ ఇలా కాగితం మీద కూర్చోలేం కదా అంటావు. కరెక్టే. కానీ కాగితం మీద మనం చేసిన పనినే ప్రోగ్రాంకి నేర్పించొచ్చు. పూర్తి సంఖ్య తయారయ్యాక "నువ్వు పనికొస్తావా" అని అడగడం మానేసి, అంకె అంకెకీ అడుగు. 13తో మొదలైతే రెండో మెట్టులోనే ఆగిపోతుంది, ఎందుకంటే 13 రెండుతో పోదు. ఆ ఒక్క ప్రశ్నతో 130000000 నుంచి 139999999 దాకా కోటి సంఖ్యలు ఎగిరిపోయాయి. నీ లూప్ ఆ కోటినీ ఒక్కొక్కటిగా పలకరించింది. పాతబస్తీ గల్లీల్లో బండి మీద పోతుంటే ముందు గోడ అడ్డం వచ్చిందనుకో, ఇంటికి తిరిగొచ్చి మళ్లీ బయల్దేరం కదా, వెనకటి మలుపు దాకా వచ్చి పక్క గల్లీ పట్టుకుంటాం. బ్యాక్‌ట్రాకింగ్ అని క్లాసులో పెద్ద పేరుతో చెప్పేది ఇదే.

ఇక నీ రెండో ప్రశ్న. ఈ రకం సంఖ్యల్ని పాలీడివిజిబుల్ నంబర్లు అంటారు. ప్రోగ్రాం నిజానికి ఆరేడు లైన్లు. లిస్టులో 1 నుంచి 9 దాకా పెట్టుకో. మెట్టు 2తో మొదలుపెట్టు. లిస్టులో ఉన్న ప్రతి సంఖ్యనీ 10తో హెచ్చించు, దానికి 0 నుంచి 9 దాకా ఒక్కో అంకె కలుపు, మెట్టు నంబరుతో భాగిస్తే శేషం సున్నా వచ్చినవాటిని కొత్త లిస్టులో వేసుకో. పాత లిస్టు పారెయ్, మెట్టు ఒకటి పెంచు, లిస్టు ఖాళీ అయ్యేదాకా ఇదే పని. నువ్వూ దాదాపు ఇలాగే రాశావు, ఆ ఐడియా నీకు సొంతంగా తట్టి ఉంటే శభాష్.

సరిగ్గా రాస్తే ఏం రావాలో చెప్తా, నీ అవుట్‌పుట్‌తో పోల్చుకో. ఒకంకెవి 9, రెండంకెలవి 45, మూడంకెలవి 150, తర్వాత 375, 750, 1200, 1713, 2227, 2492. పదో మెట్టు దగ్గర మళ్లీ 2492. ఇదేదో బగ్ అనుకునేవు, కాదు. 10తో పోవాలంటే చివర సున్నా ఒక్కటే పెట్టగలం, కాబట్టి ప్రతి తొమ్మిదంకెల సంఖ్యకీ ఒక్కటే వారసుడు. అక్కడి నుంచి దిగడం మొదలు: 2225, 2041, 1575, 1132, 770, 571, 335, 180, 90, 44, 18, 12, 6, 3, చివరికి 25 అంకెల దగ్గర ఒకే ఒక్కటి. ఆ ఒక్కటి ఇదీ:

3608528850368400786036725

దీని తర్వాత ఏ అంకె పెట్టినా 26తో పోదు. కథ అక్కడితో సరి. అన్నీ కూడితే 20,456 సంఖ్యలు. ఒక్కోదాని వెనక పది అంకెలు పెట్టి చూశావనుకున్నా మొత్తం చెకింగులు దాదాపు రెండు లక్షలు, పైథాన్ అయినా సెకను కూడా పట్టదు. పది అంకెలూ పెట్టి చూడటం కూడా దండగే అసలు, మొదట కుదిరే అంకె ఏదో శేషాన్ని బట్టి నేరుగా లెక్కగట్టి అక్కణ్నుంచి మెట్టు నంబరు చొప్పున దూకొచ్చు, కానీ రెండు లక్షల చెకింగులకి అంత తాపత్రయం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ లిస్టు ఎప్పటికైనా ఖాళీ అవుతుందని ప్రోగ్రాం రన్ చేయకముందే ఊహించొచ్చు. ఒక్కో మెట్టులో పది అంకెలు ప్రయత్నిస్తాం, వాటిలో సుమారు మెట్టు నంబరులో ఒక వంతు నిలుస్తాయి. అంటే నాలుగో మెట్టులో లిస్టు రెండున్నర రెట్లు, ఐదో మెట్టులో రెండు రెట్లు, పదో మెట్టులో ఎంత ఉన్నది అంతే, ఇరవయ్యో మెట్టులో సగం. పది దాకా పెరిగి, పది తర్వాత తరగాలి. ఈ అంచనానే మెట్లన్నిటికీ వేసి కూడితే 19,823 దాకా వస్తుంది, అసలు లెక్క 20,456. ఇంత దగ్గరగా రావడం చూసి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఈ అంచనా నీ చేతిలో ఉండి ఉంటే, 18వ మెట్టులో లిస్టు పదింతలు అవుతుంటే ర్యామ్ గురించి కాకుండా కోడ్ గురించి అనుమానపడేవాడివి.

ఇప్పుడు ఆ పదింతల సంగతి. నువ్వు పెట్టిన కోడ్‌లో శేషం చూడటానికి పర్సెంట్ గుర్తు వాడలేదు. మామూలు భాగహారం గుర్తుతో భాగించి, వచ్చిన జవాబు పూర్ణాంకమా కాదా అని చూశావు. చిన్న సంఖ్యలకి ఇది పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ పైథాన్‌లో ఆ గుర్తు ఇచ్చే జవాబు ఫ్లోట్, అంటే దశాంశ బిందువుతో దాచుకునే సంఖ్య. ఫ్లోట్‌లో అంకెలకి 53 బిట్లే చోటు. విలువ 4503599627370496 దాటిందంటే దశాంశ బిందువు తర్వాత రాసుకోవడానికి దాని దగ్గర జాగా ఉండదు, ప్రతిదీ పూర్ణాంకంలాగే కనిపిస్తుంది. 18 అంకెల సంఖ్య ఎంత చిన్నదైనా 18తో భాగిస్తే ఆ హద్దు దాటేస్తుంది. కాబట్టి 18వ మెట్టు నుంచి పదికి పది అంకెలూ పాస్. గేటు దగ్గర వాచ్‌మన్ నిద్రపోయాడు, వచ్చినవాళ్లందరూ లోపలికే. 15 దాకా నీకు 770 సరిగ్గా వచ్చింది కదా, 16వ మెట్టులో నీ లెక్క నేను పైన ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువ, 17వ మెట్టులో చాలా ఎక్కువ చూపిస్తుంది, వాచ్‌మన్ అక్కడే కునుకు తీయడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క లైనులో పర్సెంట్ గుర్తు పెట్టు, పైథాన్ ఇంటీజర్‌కి సైజు హద్దు లేదు కాబట్టి 25 అంకెల దాకా ఏ గొడవా లేకుండా పోతుంది. జావాస్క్రిప్ట్‌లో రాసే వాళ్లకి మాత్రం మామూలు నంబరే ఫ్లోట్ కాబట్టి పర్సెంట్ గుర్తు పెట్టినా 9007199254740992 దాటాక నమ్మకం లేదు, ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే బిగ్‌ఇంట్ వాడాలి.

దీనికి నిన్నేం తిట్టను, నేను ఇంతకంటే ఘనంగా చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇదే లెక్క సీలో రాసి, ప్రింటవుట్ తీసి, ఇరానీ చాయ్ దగ్గర మా సీనియర్‌కి గొప్పగా చూపించా. ఆయన ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ చివరి పేజీ చూసి, "ఏం తమ్మీ, మైనస్ గుర్తుతో పాలీడివిజిబుల్ నంబర్లు కూడా ఉంటయా?" అన్నాడు. 64 బిట్ల వేరియబుల్‌లో పట్టే పెద్ద సంఖ్య 9223372036854775807, అంటే 19 అంకెలు. దాటితే సీ ఎర్రర్ చెప్పదు, జావా కూడా చెప్పదు, చుట్టూ తిరిగి మైనస్‌లోకి వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. బిస్కెట్ ముక్క విరిగి చాయ్‌లో పడింది, ఆయన దాని గురించి బాధపడ్డాడు, నేను నా ప్రింటవుట్ గురించి.

దానికి మందు కూడా ఆయనే చెప్పాడు, ఇది రాసిపెట్టుకో, ఇంటర్వ్యూల్లో చాలా పనికొస్తుంది. మనకి అసలు సంఖ్య అక్కర్లేదు, శేషాలే కావాలి. 1 నుంచి 25 దాకా అన్నిటి క.సా.గు. 26771144400, పదకొండంకెలే. పెద్ద సంఖ్యని ఈ క.సా.గు.తో భాగించి శేషం మాత్రమే దాచుకో. ఆ శేషాన్ని 17తో భాగించినా, అసలు సంఖ్యని 17తో భాగించినా వచ్చే శేషం ఒకటే, ఎందుకంటే 17 ఆ క.సా.గు.ని భాగిస్తుంది. కొత్త అంకె కలిపేటప్పుడు శేషాన్ని 10తో హెచ్చించి అంకె కలిపి మళ్లీ క.సా.గు.తో శేషం తీసుకో. ఎక్కడా పన్నెండంకెలు దాటదు. చూపించడానికి మాత్రం అంకెల్ని పక్కన స్ట్రింగ్‌లో పేర్చుకుంటూ పో. మెట్టు 26 దగ్గర కూడా పనిచేస్తుంది, 26 కూడా ఆ క.సా.గు.ని భాగిస్తుంది కాబట్టి (2, 13 రెండూ అందులో ఉన్నాయి). చిన్నప్పుడు క.సా.గు. ఎందుకురా బాబూ అనుకుంటూ చేసిన లెక్కలన్నీ ఇక్కడికొచ్చి అప్పు తీర్చాయి.

ఇదే కుటుంబంలో సార్లు ఇష్టంగా అడిగే ఇంకో లెక్క ఉంది. అంకెలన్నీ వేర్వేరుగా ఉండి, తనలోని ప్రతి అంకెతోనూ శేషం లేకుండా పోయే అతి పెద్ద సంఖ్య ఏది? సున్నాతో భాగించలేం కాబట్టి సున్నా లేదు. 5 ఉంటే చివర 5 ఉండాలి, అప్పుడు సరి అంకె ఒక్కటి కూడా ఉండకూడదు, అంటే ఐదంకెలు దాటవు. కాబట్టి 5ని తీసెయ్. మిగిలిన ఎనిమిదీ కూడితే 40, 3తో పోదు, ఒకటి వదులుకోవాలి. 9 వదిలితే 31, అదీ 3తో పోదు. 9 ఉంచితే మొత్తం 9తో పోవాలి, 40లోంచి 4 తీస్తేనే 36. కాబట్టి అంకెలు 1, 2, 3, 6, 7, 8, 9, వాటి క.సా.గు. 504. 9876321 కంటే కింద ఉన్న మొదటి 504 గుణిజం 9875880, అక్కణ్నుంచి 504 చొప్పున దిగుతూ ఆ ఏడంకెలే ఉన్నాయా అని చూడు. పద్దెనిమిదో సంఖ్యకే దొరుకుతుంది, 9867312. పద్దెనిమిది! లూప్ కూడా అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు.

అంకెల మొత్తంతో పోయే సంఖ్యల్ని హర్షద్ సంఖ్యలంటారు, ఆ పేరు పెట్టింది నాసిక్ దగ్గర దేవ్‌లాలిలో స్కూల్ టీచర్‌గా పనిచేసిన కాప్రేకర్. రామానుజన్ 1729 కూడా అందులోదే: అంకెల మొత్తం 19, తిప్పి రాస్తే 91, 19ని 91తో హెచ్చిస్తే మళ్లీ 1729. దీనికి ప్రోగ్రాం రెండు లైన్లు, దాని గురించి ఎక్కువ చెప్పను.

నీకు ప్రాక్టీస్ కావాలంటే ప్రాజెక్ట్ ఆయిలర్ అని ప్రోగ్రాం రాసి చేసే లెక్కల వెబ్‌సైట్ ఉంది, అందులో 43వ లెక్క చెయ్యి. 0 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కోసారి వచ్చే పదంకెల సంఖ్య, రెండో అంకె నుంచి మొదలుపెట్టి మూడేసి అంకెల ముక్కలు వరసగా 2, 3, 5, 7, 11, 13, 17తో పోవాలి. 1406357289 అలాంటిదే, 406 రెండుతో పోతుంది, 063 మూడుతో, చివరి ముక్క 289 పదిహేడుతో. అలాంటివన్నీ వెతికి కూడాలి. ఇక్కడ కూడా అంకె అంకె పేర్చడమే, కాకపోతే ఎడమ నుంచి మొదలుపెట్టకు, ఎడమ పక్కన రూల్ 2తో, సగం సంఖ్యలు పాస్ అయిపోతాయి. కుడి చివర్నుంచి రా. వెయ్యిలోపు 17 గుణిజాలు 58 మాత్రమే, వాటిలో అంకె రిపీట్ అయినవి తీసేస్తే ఇంకా తక్కువ, వాటికి ఎడమ వైపు ఒక్కో అంకె అతికిస్తూ 13తో, 11తో చూసుకుంటూ పో. రెండు వైపుల నుంచీ రాసి, రెండింట్లో ఎన్నెన్ని చెకింగులు అయ్యాయో ఒక కౌంటర్ పెట్టి చూడు. ముందు మాత్రం ఆ భాగహారం గుర్తు మార్చు, రాత్రికి రూమ్మేట్‌ని పడుకోనివ్వు.